కూలర్ పెద్దదైనా దిగని వేడి: ట్రైలర్ లాగిన ఒక ఆటోమేటిక్ కేసు

డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న షెడ్డులో పదకొండేళ్లుగా ట్రాన్స్‌మిషన్ పని చేస్తున్నాను. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు దించి ఎక్కించేవాణ్ణి. ఈ కేసులో బండి కంపెనీ, మోడల్, ఇంటివాళ్ల గుర్తులు చెప్పను, ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. కొలతలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవే. ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. ఇక్కడి మీటర్లు అవే చూపిస్తాయి. అలవాటు లేనివాళ్లు 200 అంటే 93 సెల్సియస్, 240 అంటే 116 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

గేర్‌బాక్స్ వేడెక్కుతోందంటే దాని ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పెంచేయడమే మందు అని మా పనిలో చాలామంది నమ్మకం. నేనూ ఇంచుమించు ఆ దారిలోనే వెళ్లి, "అయిపోయింది, ఇక ధైర్యంగా వెళ్లు" అని చెప్పి పంపించిన బండి మళ్లీ వేడెక్కి తిరిగొచ్చింది. అందుకే రాస్తున్నాను.

బండి, బరువు, దారి

మన తెలుగు కుటుంబమే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అంతకుముందు ఏడాది బండి వెనక తగిలించి లాగే చిన్న ఇల్లులాంటి 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. లాగేది ఫుల్ సైజు ఎస్‌యూవీ. టర్బో లేని వీ8 పెట్రోల్ ఇంజిను, ఆరు గేర్ల ఆటోమేటిక్, 84 వేల మైళ్లు తిరిగింది. మాన్యువల్ ప్రకారం 8,000 పౌండ్ల దాకా లాగొచ్చు. ట్రైలర్ స్టిక్కర్ మీద ఖాళీ బరువు 5,500 పౌండ్లు. ఇంకా రెండున్నర వేలు చేతిలో ఉన్నాయి కదా అని యజమాని లెక్క.

జూన్‌లో కొలరాడో బయల్దేరారు. డాలస్ నుంచి 287 హైవే మీద అమరిల్లో, అక్కణ్నుంచి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా న్యూమెక్సికోలోని రటోన్, తర్వాత ఐ-25 హైవే ఎక్కి రటోన్ పాస్ అనే కనుమ దాటాలి. అమరిల్లో దాదాపు 3,600 అడుగుల ఎత్తులో ఉంటుంది, పాస్ 7,834 అడుగులు. టర్బో లేని ఇంజిను ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. అంటే పాస్ మీదకి వచ్చేసరికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. సరిగ్గా ఎక్కుడు ఎక్కువైన చోటే ఇంజినుకి ఊపిరి తగ్గుతుంది.

ఎక్కుడు సగంలో ఉండగా డ్యాష్‌బోర్డ్ మీద ట్రాన్స్‌మిషన్ హాట్ అని మెసేజ్ వచ్చింది. మీటరు 268 చూపిస్తోంది. ఆయన పక్కకి తీసి వెంటనే ఇంజిను ఆపేశాడు. భయమేస్తే ఎవరైనా చేసే పనే గానీ, చేయకూడనిది. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపుని తిప్పేది ఇంజినే. ఇంజిను ఆగితే ఆయిల్ కూలర్‌కి పోవడం కూడా ఆగిపోతుంది. నలభై నిమిషాలు ఆగి, మెల్లగా కొలరాడోలోని ట్రినిడాడ్ చేరారు.

వెనక్కి వచ్చాక ఇంటి దగ్గరున్న ఒక షాపుకి వెళ్లారు. వాళ్లు మెషీన్ పెట్టి ఆయిల్ మొత్తం మార్చారు, ముందున్న కూలర్ తీసేసి అంతకు రెట్టింపు సైజుది బిగించారు. జూలై చివర్లో ఓక్లహోమాలో టర్నర్ ఫాల్స్‌కి వీకెండ్ ట్రిప్పు వేస్తే, ఆర్బకల్ కొండల మీద, అవి పెద్ద కొండలేమీ కావు, మీటరు 241కి పోయింది. ఆ షాపువాళ్లు ఈసారి గేర్‌బాక్స్ మొత్తం విప్పి రీబిల్డ్ చేయించుకోమన్నారు. ఎవరో మిత్రుడు చెబితే నా దగ్గరికి వచ్చాడు.

మొదటిసారి నేను చూసింది

ఆ రోజు ఆయన వెంట వాళ్ల నాన్నగారు కూడా వచ్చారు. ఆర్టీసీలో ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. నేను బానెట్ ఎత్తి చూస్తుంటే పక్కన నిలబడి, "బాబూ, ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తోంది గానీ ఆ బలం బండికి అందట్లేదు. క్లచ్ జారినట్టుంది" అన్నారు. నేను నవ్వి, "బాబాయ్ గారూ, ఇది ఆటోమేటిక్, క్లచ్ పెడల్ ఉండదు" అన్నాను. ఆ నవ్వు ఖరీదు మూడు వారాలు.

ఆయిల్ నుంచి మొదలుపెట్టాను. కొత్తగా మార్చినది కాబట్టి రంగు పెద్దగా చెప్పదు. అయినా తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేశాను. ఎరుపు కాస్త గోధుమరంగుకి తిరిగింది, అడుగంటిన పాలలాంటి వాసన కొద్దిగా ఉంది. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పాన్ దించి, అందులోని అయస్కాంతం చూశాను. కాటుకలాంటి బూడిదరంగు ముద్ద పలుచగా పట్టి ఉంది. అది మామూలే. తళుకుల్లాంటి లోహపు ముక్కలు, నల్లటి క్లచ్ పొడి ఉంటే వేరే కథ. అవి లేవు. కాబట్టి రీబిల్డ్ మాట అప్పటికి పక్కన పెట్టాను. లోపల అరిగిన గుర్తు లేకుండా గేర్‌బాక్స్ విప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆయిల్ లెవెల్ ఒక అర క్వార్టు తక్కువుంది (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ). పెద్ద కూలర్ పెట్టినప్పుడు అది మింగే ఆయిల్ లెక్కలో వేసుకోలేదు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇంత పెద్ద కూలర్ పెట్టినా మార్పు లేదంటే, వేడి ఆయిల్ అసలు కూలర్ దాకా వస్తోందా?

ఇంజిను తిప్పి ఆయిల్‌ని 205కి తెచ్చాను. అల్యూమినియం పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చదివితే అబద్ధం చెబుతుంది. మెరిసే లోహం తన వేడి కన్నా చుట్టుపక్కల వేడినే ఎక్కువ చూపిస్తుంది. అందుకని కూలర్‌కి వెళ్లే పైపు మీద, వచ్చే పైపు మీద తలా ఒక చుట్టు నల్ల ఎలక్ట్రికల్ టేపు వేసి, టేపు మీద కొలుస్తాను. వెళ్లే పైపు 118, వచ్చే పైపు 104. బయట ఎండ 97. గేర్‌బాక్స్ లోపల 205 ఉంటే, కూలర్ గుమ్మం దగ్గర 118 ఏమిటి? అంటే ఆయిల్ రావట్లేదు, ఏదో కాస్త ఊరుతోంది.

రూఢి చేసుకోవడానికి తిరుగు పైపు విప్పి సీసాలోకి పట్టాను. వేడిగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ఇరవై సెకన్లకి ఒక క్వార్టు రావాలన్నది మా పనిలో వాడుక లెక్క. నాకు పావు క్వార్టు కూడా రాలేదు. ఈ పని ఇంట్లో చేయకండి. మరిగే ఆయిల్ చేతి మీద పడితే చర్మం ఊడుతుంది, ఇరవై సెకన్లు దాటి వదిలేస్తే పంపు ఎండిపోతుంది.

దోషి ఎవరో అప్పటికి తెలిసిపోయింది. ఈ గేర్‌బాక్స్‌లో కూలర్ లైనుకి ముందు ఒక థర్మోస్టాట్ ఉంటుంది. లోపల మైనపు గుళిక. ఆయిల్ చల్లగా ఉంటే దాన్ని కూలర్‌కి పంపకుండా అడ్డదారిన వెనక్కి తిప్పేస్తుంది, సుమారు 190 దగ్గర మైనం కరిగి ఉబ్బి కూలర్ దారి తెరుస్తుంది. ఇది సగం దగ్గరే ఇరుక్కుపోయింది. మూసిన కుళాయి కింద పెద్ద బకెట్టు పెట్టినట్టుంది ఆ కొత్త కూలర్ పని. ముందటి షాపుని నేను తప్పు పట్టను. పైపు మీద చెయ్యి వేసి చూస్తే తెలిసేది, అంతే.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. చాలామంది ఆ థర్మోస్టాట్ తీసేసి, ఆయిల్ ఎప్పుడూ కూలర్ మీదుగానే పోయేలా చేస్తారు. టెక్సస్ ఎండల్లో అది చెల్లుతుందనిపిస్తుంది. కానీ 2021 ఫిబ్రవరి చలి ఇక్కడ ఉన్న ఎవరూ మర్చిపోరు. ఆయిల్ మరీ చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, గేర్లు మొరాయిస్తాయి, కన్వర్టర్ లాక్ (దీని సంగతి కింద చెబుతాను) ఆలస్యమవుతుంది. అందుకని తీసేయకుండా, 158 దగ్గరే తెరుచుకునే రకం వేశాను. వంద డాలర్లు దాటని పార్టు. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కున్న పురుగులు, దూది, దుమ్ము కూడా కడిగేశాను. మళ్లీ సీసా పెడితే ఇరవై సెకన్లకి క్వార్టు దాటింది.

టెస్ట్ డ్రైవ్‌కి డాలస్ 635 లూప్ హైవే మీద నలభై నిమిషాలు తిప్పాను. ఎండ 97, ఏసీ ఫుల్. మీటరు 168కీ 172కీ మధ్య కదల్లేదు. నోటుబుక్కులో "సాల్వ్‌డ్" అని రాసి కింద గీత గీశాను.

ట్రైలర్ లేకుండా టెస్ట్ చేశాను. బరువు మోస్తే నడుం నొప్పి అని వచ్చినవాణ్ణి ఖాళీ చేతులతో నాలుగడుగులు నడిపించి నొప్పి లేదని రాసేసినట్టు. షెడ్డులో ట్రైలర్ పెట్టుకునే చోటు లేదు, ఆయన తీసుకొచ్చే తీరిక లేదు, నాకు వెనక ఇంకో మూడు బళ్లు ఉన్నాయి. కారణాలకేం, బోలెడు.

మళ్లీ వచ్చింది

ఆగస్టు మూడో వారంలో పాలో డూరో కేన్యన్‌కి వెళ్లారు. అమరిల్లో పక్కనే, లోయలోకి దిగే దారి 10 శాతం వాలు. ఆదివారం సాయంత్రం ఫోను. "అన్నా, మళ్లీ అదే."

వివరాలు అడిగాను. మైదానంలో 198 దగ్గర నిలకడగా ఉంది. 287 మీద చిల్డ్రెస్ దాటాక ఎదురుగాలి మొదలైంది, ఎక్కుడు లేకపోయినా 233కి ఎక్కింది. క్యాంపులో ట్రైలర్‌ని సైటులోకి రివర్స్ చేస్తుంటే 229. తిరుగు ప్రయాణంలో లోయ ఎక్కేటప్పుడు 246.

మీటరు ఒక్క అంకెనే చూపిస్తుంది. ఆ అంకె వెనక రెండు లెక్కలుంటాయి: లోపల పుడుతున్న వేడి ఎంత, బయటికి పోతున్న వేడి ఎంత. అప్పటిదాకా ముందటి షాపూ నేనూ రెండో లెక్కే చూశాం. మొదటిది ఎవరూ అడగలేదు. పైగా మైదానంలో, ఎదురుగాలికి వేడెక్కిందంటే అది కొండ జబ్బు కాదు.

వేడి ఎక్కడ పుడుతుందో చెప్పాలంటే టార్క్ కన్వర్టర్ గురించి చెప్పాలి. ఆటోమేటిక్‌లో ఇంజినుకీ గేర్లకీ మధ్య క్లచ్ పలకకి బదులు ఇది ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు గిన్నెలు, మధ్యలో ఆయిల్. ఇంజిను వైపు గిన్నె తిరుగుతూ ఆయిల్‌ని విసిరితే, ఆ తాకిడికి రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగవు. ఆ తేడానే స్లిప్. కవ్వం పెట్టి చిలికినట్టు ఆయిల్ చిలుకుడు పడుతుంది, ఆ చిలుకుడంతా వేడే. అందుకే లోపల ఒక లాకప్ క్లచ్ ఉంటుంది. అది పడితే రెండు గిన్నెలూ ఒకటిగా తిరుగుతాయి, చిలుకుడు ఆగిపోతుంది. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో కంప్యూటర్ చూసుకుంటుంది.

అంటే బాబాయ్ గారు చెప్పిన క్లచ్ ఇందులో ఉంది. పెడల్ ఒక్కటే లేదు.

అసలు టెస్ట్

ఈసారి నా షరతు ఒకటే. ట్రిప్పుకి ఎలా వెళ్తారో అలాగే రావాలి. ట్రైలర్, సామాను, నీళ్లు, ఆరుగురు మనుషులు. శనివారం పొద్దున్నే ట్రక్ స్టాప్‌లో కాటా ఎక్కించాం. ట్రైలర్ 7,120 పౌండ్లు. స్టిక్కర్ కన్నా 1,620 ఎక్కువ. తలుపు తీసి చూస్తే మంచినీళ్ల ట్యాంకు నిండా ఉంది. 50 గ్యాలన్లు, గ్యాలనుకి 8.34 పౌండ్లు, అంటే 417 పౌండ్ల నీళ్లు ఇంటి నుంచి మోసుకెళ్తున్నారు. కుక్కర్లు రెండు, సోనామసూరి బస్తా, పచ్చళ్ల జాడీలు, క్యాంపు కుర్చీలు. ట్రైలర్‌ని బండికి తగిలించే హిచ్ మీద పడే బరువు 840. మొత్తం కలిపి 13,810, దీనికి కంపెనీ హద్దు 14,000. అక్కడ పాస్. కానీ ఆరుగురు మనుషులు, వెనక సామాను, హిచ్ బరువు కలిసి ఎస్‌యూవీ ఒక్కటే 7,530 తూగింది. దాని హద్దు 7,300. ట్రైలర్ లాగే హద్దు ఒక్కటే చూసుకుని, బండి మోసే హద్దు మర్చిపోవడం మనవాళ్లలో చాలా మామూలు. మనం ఇద్దరం వెళ్లం కదా, ఇంటిల్లిపాదీ వెళ్తాం.

బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ తగిలించి, కూలర్ రెండు పైపులకీ వేడి కొలిచే థర్మోకపుల్ తీగలు కట్టి, ఐ-35 మీద ఆర్బకల్ కొండల వైపు బయల్దేరాం. ఆయన డ్రైవింగ్, నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. వెనక బాబాయ్ గారు.

మొదటి గంట ఏమీ లేదు. 196, 199. ఒక చోట పెట్రోల్ కొట్టించుకున్నాం. అక్కణ్నుంచి గాలి ఎదురు తిరిగింది, వేగం గంటకి 70 మైళ్ల దగ్గర ఉంది. 208, 215, 222. స్క్రీన్ మీద వరసగా చదివాను: గేరు అయిదు, ఇంజిను 2,450 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), కన్వర్టర్ స్లిప్ 290 ఆర్‌పీఎం. కాసేపు ఆరో గేరు వేయబోయి మళ్లీ అయిదుకి దిగుతోంది. స్లిప్ 310. మళ్లీ 280. ఇరవై నిమిషాలు అదే. ఆయిల్ 231.

కూలర్ తీగలు చూశాను. వెళ్లేది 226, వచ్చేది 179. నలభై ఏడు డిగ్రీలు దించుతోంది. కూలర్‌కి ఇంతకన్నా ఎక్కువ పని చెప్పలేం. కాబట్టి బయటికి పోయే దారిలో ఇక తప్పు లేదు.

మరి స్లిప్ ఎందుకు? ఇక్కడ పొరపాటు పడితే కస్టమర్‌కి వేల డాలర్లు. లాక్ పట్టమని కంప్యూటర్ చెప్పినా క్లచ్ జారుతుంటే, అది అరిగిపోయినట్టు. కన్వర్టర్ మార్చాల్సిందే. కంప్యూటరే పట్టవద్దని చెప్పి ఉంటే, అరుగుదల కాదు. స్కానర్‌లో కమాండ్ లైను చూశాను. లాక్ ఆఫ్. ఎదురుగాలికి ఆక్సిలరేటర్ లోతుగా తొక్కి ఉంచేసరికి, అయిదో గేరులో బలం చాలక, కంప్యూటర్ లాక్ వదిలేసి కన్వర్టర్‌తో నెట్టుకొస్తోంది. దాని లెక్కలో ఇది కొద్ది సెకన్ల ముచ్చట, ఓవర్‌టేక్ చేసేటప్పటిలాగా. ఇక్కడ ఇరవై నిమిషాలు సాగుతోంది.

2,450లో 290 అంటే 12 శాతం. ఆ గాలిలో ఇంజిను 120 హార్స్‌పవర్ ఇస్తోందనుకుంటే, 90 కిలోవాట్లు. అందులో 12 శాతం, దాదాపు 11 కిలోవాట్లు, నేరుగా ఆయిల్‌లోకి వేడిగా పోతోంది. ఇంట్లో బాత్రూమ్ గీజరు 2 కిలోవాట్లు. అలాంటివి అయిదారు ఆ పాన్‌లో వేసి స్విచ్ నొక్కినట్టు.

"టో మోడ్ ఆన్‌లోనే ఉందా?" అన్నాను. ట్రైలర్ లాగేటప్పుడు నొక్కాల్సిన బటన్ అది. డ్యాష్ మీద దాని గుర్తు లేదు.

"బయల్దేరినప్పుడు నొక్కాను అన్నా. పెట్రోల్ బంకులో ఆపాక పోయినట్టుంది. అయినా అది వేస్తే ఊరికే గేర్లు దించి అరుస్తుంది. పిల్లలు పడుకుంటే లేచిపోతారని నేనే మళ్లీ నొక్కను."

మొదటి రోజే అడిగాను ఆయన్ని. టో మోడ్ వాడతావా అని. వాడతాను అన్నాడు. అబద్ధం కాదు, ఇంటి దగ్గర నొక్కుతాడు. ఈ బండిలో ఇంజిను ఆపితే అది పోతుంది. నేను అడగాల్సిన ప్రశ్న "వాడతావా" కాదు, "రెండోసారి పెట్రోల్ కొట్టించాక నొక్కుతావా" అని.

టో మోడ్ నొక్కించాను. గేరు చేత్తో నాలుగుకి పరిమితం చేయించాను. ఆక్సిలరేటర్ కొద్దిగా వదిలి 64 దగ్గర పట్టుకోమన్నాను. ఇంజిను చప్పుడు ఒక మెట్టు పెరిగి అక్కడే స్థిరపడింది, 2,700. స్లిప్ అంకె జారుకుంటూ వచ్చి 8 దగ్గర ఆగింది. లాక్ పడింది. వెనక నుంచి బాబాయ్ గారు, "ఇప్పుడు పట్టింది" అన్నారు. ఆయనకి స్క్రీన్ కనపడదు.

231 నుంచి 204కి రావడానికి పన్నెండు నిమిషాలు. ఒక్క పార్టూ మార్చలేదు. ఆర్బకల్ ఎక్కుడు మీద మూడో గేరు, 55 వేగం, 212 దాటలేదు.

ఆయన ఒప్పుకోవడం

కొలతల కన్నా ఇదే కష్టం. "2,700 అంటే ఇంజిను పాడైపోదా? పెట్రోల్ తాగేయదా?" సహజమైన భయం. ఇంజిను 6,000 దాకా తిరగగలదు, 2,700 దానికి నడక. చల్లటి నీళ్లు, సరైన ఆయిల్ ఉన్నంత కాలం దానికి ఏమీ కాదు. కన్వర్టర్ చిలుకుడులో వృథా పోయేదీ పెట్రోలే. తక్కువ చప్పుడుతో సుఖంగా ఉన్నట్టున్న ఆ అయిదో గేరే గేర్‌బాక్స్‌ని ఉడకబెడుతోంది. స్లిప్ గ్రాఫు ఆయనకి మెయిల్ చేశాను. సాఫ్ట్‌వేర్ మనిషి, గ్రాఫు చూశాక వాదన లేదు.

వేగం విషయంలో ఇంకాస్త పట్టుబట్టాను. ఎనిమిది అడుగుల వెడల్పు గోడ వెంట వస్తోంది. గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 64 నుంచి 70కి, ఆరు మైళ్లకే, 30 శాతం ఎక్కువ. ఎదురుగాలి ఉంటే ఇంకా. "కంపెనీ 8,000 లాగొచ్చని రాసింది కదా అన్నా" అన్నాడు. రాసింది. ఇక్కడ కంపెనీలు ఆ అంకెకి వాడే ప్రమాణం ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంఘం పెట్టిన జె2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎక్కుడు, కనీసం 100 డిగ్రీల ఎండలో, ఏసీ ఫుల్‌గా పెట్టి ఎక్కాలి. చాలా కఠినమైన పరీక్షే. కానీ ఇలాంటి బండి అక్కడ నిలబెట్టాల్సిన కనీస వేగం గంటకి 40 మైళ్లు. బండిలో లెక్కేసే మనుషులు ఇద్దరు, తలా 150 పౌండ్లు. ఆరుగురు ఎక్కి 70లో పోతామని అక్కడ ఎవరూ మాట ఇవ్వలేదు.

బరువు సంగతి నిజాయితీగా చెప్పాలంటే, మైదానంలో వేడికి దాని వాటా తక్కువ. అక్కడ గాలిదే పెత్తనం. ఎక్కుడు మీద మాత్రం ప్రతి పౌండూ లెక్కే. బ్రేకులకీ, టైర్లకీ ఎప్పుడూ లెక్కే. నీళ్లు పది గ్యాలన్లకి తగ్గించారు, మిగతావి క్యాంపులో పట్టుకుంటారు. అక్కడే 334 పౌండ్లు పోయాయి. ఎస్‌యూవీ వెనకున్న సామానులో సగం ట్రైలర్ ఇరుసుల మీదకి సర్దాం. బియ్యం బస్తా జోలికి పోలేదు.

ఆయిల్ మళ్లీ మార్చాను. కొత్తదే కదా అని ఆయనకి బాధ. కానీ అది రెండు ట్రిప్పుల్లో 240 దాటింది. మెషీన్ పెట్టలేదు. పాన్ దించి, ఫిల్టరు మార్చి, వచ్చినంత తీసి పోశాను, మూడు వేల మైళ్ల తర్వాత ఇంకోసారి.

కొన్ని అంకెలు ఆయన ఫోనులో రాయించాను. 210 దాకా మీటరు చూడనక్కర్లేదు. 220 అయితే ఒక గేరు దించి, అయిదు మైళ్లు తగ్గాలి. 235 అయితే పక్కకి తీసి పార్కులో పెట్టి, ఏసీ ఆపి, ఇంజిను మాత్రం ఆపకుండా 1,200 దగ్గర తిప్పుతూ ఉండాలి. పార్కులో రెండో గిన్నెకి బరువు ఉండదు కాబట్టి చిలుకుడు ఉండదు, పంపు మాత్రం ఆయిల్‌ని కూలర్‌కి తోస్తూనే ఉంటుంది. ఇంకొకటి: ఎక్కుడు మీద ట్రాఫిక్ ఆగితే బ్రేకు మీద నిలబడాలి, ఆక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచకూడదు. అలా పట్టి ఉంచితే ఒక గిన్నె తిరుగుతుంది, ఇంకొకటి ఆగి ఉంటుంది. ఇంజిను ఇచ్చిందంతా వేడే.

పాన్‌లో సెన్సర్ ఉన్న బండికి మీటరు ఆలస్యంగా చెబుతుందని కూడా గుర్తుంచుకోవాలి. కన్వర్టర్ నుంచి బయటికొచ్చే ఆయిల్ దానికన్నా చాలా వేడిగా ఉంటుంది. మీటరు 230 అన్నప్పుడు లోపల ఎక్కడో అంతకు మించే ఉంది.

తర్వాత

మరుసటి జూన్‌లో మళ్లీ కొలరాడో వెళ్లారు. రటోన్ పాస్‌ని మూడో గేరులో, 48 మైళ్ల వేగంతో, లారీల వెనకే కుడి లేనులో ఎక్కారు. ఎక్కువలో ఎక్కువ 219. దిగేటప్పుడూ మూడులోనే వదిలారు, బ్రేకు మీద కాలు పెద్దగా పెట్టలేదట. రీబిల్డ్ మాట మళ్లీ రాలేదు. గేర్‌బాక్స్ అదే, కన్వర్టర్ అదే. పెద్ద కూలర్ కూడా ఉంచేశాను. ఇప్పుడు దానికీ పని దొరికింది.

ఒకటి మాత్రం తీరలేదు. క్యాంపు సైటులోకి రివర్స్. కంకర, కొంచెం ఎగువ, ముందు నుంచి గాలి ఉండదు, కాస్త తొక్కడం, ఆగడం, మళ్లీ తొక్కడం. లాక్ పడే ప్రసక్తే లేదు. వెనక భార్య నిలబడి "రా... రా... ఆగు, నీ లెఫ్ట్ కాదు, నా లెఫ్ట్" అంటుంటే ఇరవై నిమిషాలు. కంకర మీద ఫోర్-లో (నాలుగు చక్రాలూ తక్కువ గేరింగ్‌లో లాగే పద్ధతి) వేయమన్నాను. గేరింగ్ తగ్గుతుంది కాబట్టి కన్వర్టర్ మీద ఒత్తిడి బాగా తగ్గుతుంది. గట్టి తారు మీద స్టీరింగ్ తిప్పుతూ మాత్రం వేయకూడదు. వేశాక కూడా ఒకసారి 226 చూపించిందని ఫోటో పంపాడు.

ఈ మధ్య వాళ్లు పుల్-త్రూ సైట్లే బుక్ చేసుకుంటున్నారు. ఒక వైపు నుంచి లోపలికి, ఇంకో వైపు నుంచి బయటికి. రాత్రికి కొన్ని డాలర్లు ఎక్కువట. గేర్‌బాక్స్ కోసమా, ఆ లెఫ్టు గొడవ కోసమా అని అడిగితే చెప్పలేదు.